మోల్ చిక్కుముడి: 22.4 ఒప్పా, 22.7 ఒప్పా?

10 గ్రాముల శుద్ధమైన సున్నపురాయిని పూర్తిగా కాల్చితే ఎస్‌టీపీ (ప్రమాణ ఉష్ణోగ్రత, పీడనం) దగ్గర ఎన్ని లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది? పాత బిట్లు వల్లెవేసిన కుర్రాణ్ని అడిగితే ఠక్కున 2.24 అంటాడు. పక్కనే జేఈఈకి చదువుతున్న అమ్మాయి 2.27 అంటుంది. ఇద్దరి లెక్కలూ సరిగ్గానే ఉంటాయి, జవాబులు మాత్రం కలవవు. కీ విడుదలైన రోజున ఇలాంటి బిట్టు ఒక్కటి కనిపించినా వాట్సాప్ గ్రూపుల్లో రాత్రంతా వాదనే.

ఎవరో ఒకరికి లెక్క రాకపోవడం వల్ల వచ్చిన తగాదా కాదిది. ఇద్దరూ రెండు వేర్వేరు ఒప్పందాల మీద నిలబడి లెక్క చేశారు. మోల్ పాఠంలో విద్యార్థి ఇరుక్కునే చోట్లన్నీ దాదాపు ఇలాంటివే. ఏ కణాలను లెక్కపెడుతున్నాం, ఏ పరిస్థితుల్లో, ఏ చర్య కోసం అన్న మూడు సంగతుల్లో ఒకటి ప్రశ్నలో దాక్కుని ఉంటుంది. దాన్ని చూడకుండా సూత్రంలోకి దూకితే జవాబు తప్పుతుంది.

ఇనుప సామాన్ల కొట్టులో మోల్

ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లి 500 బోల్టులు, 500 నట్లు కావాలంటే కొట్టతను ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఇవ్వడు. ఒక బోల్టు 12 గ్రాములు, ఒక నట్టు 4 గ్రాములు అని తెలిస్తే 6 కిలోల బోల్టులు, 2 కిలోల నట్లు తూచి సంచిలో పోస్తాడు. తూచింది బరువే అయినా మన చేతికొచ్చింది లెక్క. అదే రెండూ చెరొక కిలో కొన్నామనుకోండి, బోల్టులు 83 వస్తాయి, నట్లు 250. జతకట్టేసరికి మూడింట రెండు వంతుల నట్లు మిగిలిపోతాయి.

రసాయన చర్య కూడా జతకట్టడమే. ఒక కార్బన్ పరమాణువు ఒక ఆక్సిజన్ అణువుతో కలుస్తుంది, ఒక గ్రాము ఒక గ్రాముతో కాదు. పరమాణువులను కంటితో చూసి లెక్కపెట్టలేం, త్రాసులో తూచగలం. కాబట్టి తూకానికీ లెక్కకూ మధ్య ఒక వంతెన కావాలి. ఆ వంతెన పేరే మోల్.

డజను అంటే 12, పుంజీ అంటే 4, గ్రోసు అంటే 144. మోల్ అంటే 602214076 పక్కన 15 సున్నాలు. పుస్తకాల్లో అవగాడ్రో సంఖ్య, 6.022 × 10²³ అని రాసేది దీన్నే. ఎంత పెద్దదో ఊహకు అందాలంటే బియ్యపు గింజలతో చూడవచ్చు. గింజ 20 మిల్లీగ్రాములనుకుంటే ఒక మోల్ గింజల బరువు 1.2 × 10¹⁶ టన్నులు. ప్రపంచమంతా ఏటా పండించే బియ్యం సుమారు 50 కోట్ల టన్నులు. ఈ లెక్కన ఒక మోల్ గింజలు పండాలంటే రెండు కోట్ల ఏళ్లు దాటిపోతాయి. అన్ని నీటి అణువులు మాత్రం 18 మిల్లీలీటర్లలో, అంటే గుక్కెడు నీళ్లలో ఇమిడిపోతాయి.

ఈ అధ్యాయంలో సూత్రాలెన్నో ఉన్నట్టు కనిపిస్తాయి కానీ అన్నీ ఒకే కూడలికి చేరే దారులు. గ్రాములను మోలార్ ద్రవ్యరాశితో (ఒక మోల్ బరువుతో) భాగిస్తే మోల్‌లు. వాయువు ఘనపరిమాణాన్ని అదే పరిస్థితుల్లోని మోలార్ ఘనపరిమాణంతో (ఒక మోల్ ఆక్రమించే ఘనపరిమాణంతో) భాగిస్తే మోల్‌లు. కణాల సంఖ్యను అవగాడ్రో సంఖ్యతో భాగించినా మోల్‌లే. ద్రావణమైతే మోలారిటీని (లీటరు ద్రావణంలో ఉన్న మోల్‌లను) లీటర్లతో గుణించాలి. ఏ లెక్కయినా ఒక దారిలో కూడలికి వచ్చి మరో దారిలో వెళ్లిపోవడమే.

12 ఏఎంయూ, 12 గ్రాములు: అంకె ఒకటే ఎందుకైంది?

కార్బన్-12 పరమాణువు ఒక్కటి 12 ఏఎంయూ (పరమాణు ద్రవ్యరాశి ప్రమాణాలు), ఒక మోల్ కార్బన్-12 12 గ్రాములు. ఇది ప్రకృతి చేసిన గారడీ అనుకునేవాళ్లున్నారు. గారడీ ఏమీ లేదు, మనుషులు కావాలనే అలా కుదుర్చుకున్నారు. కార్బన్-12 పరమాణువు ద్రవ్యరాశిలో పన్నెండో వంతును ఒక ఏఎంయూ అన్నారు. గ్రాముల్లో అది 1.6605 × 10⁻²⁴. ఈ సంఖ్యతో 1ని భాగిస్తే 6.022 × 10²³ వస్తుంది. ఒక గ్రాములో ఎన్ని ఏఎంయూలు ఉన్నాయో అదే అవగాడ్రో సంఖ్య. అందుకే ఏఎంయూల్లో ఉన్న అంకెకు గ్రాములు తగిలించగానే మోల్ అయిపోతుంది.

మోల్‌ను అంతర్జాతీయ ప్రమాణాల్లో చేర్చింది 1971లో. అప్పటి నిర్వచనం: 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటాయో అన్ని కణాలున్న పదార్థ పరిమాణం. అంటే 12 గ్రాములు కచ్చితం, 6.022 × 10²³ ప్రయోగం చేసి తెలుసుకోవాల్సిన సంఖ్య. 2019 మే 20 నుంచి ఇది తిరగబడింది. ఇప్పుడు 6.02214076 × 10²³ కచ్చితమైన సంఖ్య. కార్బన్-12 మోలార్ ద్రవ్యరాశే ప్రయోగంతో తేల్చాల్సిన విలువ అయింది. తేడా ఎంతంటే, 12లో సుమారు వంద కోట్లలో ఒక వంతు మాత్రమే. పరీక్ష లెక్కల మీద దీని ప్రభావం సున్నా. వైవాలో నిర్వచనం అడిగితే మాత్రం 12 గ్రాముల సంగతి చెప్పడం పాత జవాబే అవుతుంది.

ఈ మార్పు అందరికీ నచ్చలేదు. ‘12 గ్రాముల కార్బన్’ అంటే పిల్లలు చేత్తో పట్టుకుని చూడగలిగేదని, 9 అంకెల సంఖ్యను బట్టీ పట్టిస్తే మోల్ ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కాదని కొందరు రసాయన శాస్త్రవేత్తల అభ్యంతరం. పాత నిర్వచనం కిలోగ్రాము మీద ఆధారపడింది, ఆ కిలోగ్రాము పారిస్ దగ్గర భద్రపరచిన ఒక లోహపు దిమ్మె మీద ఆధారపడింది, అలాంటి వస్తువు నుంచి విముక్తి కావాల్సిందే అన్నది రెండో వాదన. మోల్ అంటే మొదటినుంచీ లెక్కే కాబట్టి దాన్ని లెక్కగానే నిర్వచించడం న్యాయమని కూడా వాళ్లు అంటారు. తరగతి గదిలో మొదటి వాదనకు బలముంది, కొలతల ప్రయోగశాలలో రెండోదానికి.

ఇంతకీ ఇంత పెద్ద సంఖ్యను ఎలా లెక్కపెట్టారు? ఇందులో వాడిన సూత్రం ఇంటర్ ఘనస్థితి అధ్యాయంలో ఉన్నదే. దాదాపు పూర్తిగా సిలికాన్-28 పరమాణువులే ఉన్న స్ఫటికాన్ని నున్నని గోళంగా చెక్కారు. బరువు సుమారు ఒక కిలో, వ్యాసం సుమారు 93.7 మిల్లీమీటర్లు. వ్యాసార్ధం 4.685 సెంటీమీటర్లు కాబట్టి ఘనపరిమాణం 430.7 ఘన సెంటీమీటర్లు. సిలికాన్ యూనిట్ సెల్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ఘనాకార గడి) అంచు 5.431 × 10⁻⁸ సెంటీమీటర్లు, దాని ఘనం 1.602 × 10⁻²². గోళాన్ని సెల్‌తో భాగించి, సెల్‌కు 8 పరమాణువుల చొప్పున గుణిస్తే 2.151 × 10²⁵ పరమాణువులు. ఇక 1000 గ్రాములను 27.977తో భాగిస్తే 35.74 మోల్‌లు. ఒకదాన్ని ఇంకొకదానితో భాగిస్తే 6.02 × 10²³. సామాన్య కాలిక్యులేటర్‌తోనే ఇంత దగ్గరగా వచ్చిందంటే, అంచునూ వ్యాసాన్నీ ఎనిమిది తొమ్మిది అంకెల దాకా కొలిచినవాళ్లకు ఎంత కచ్చితంగా వచ్చి ఉంటుందో ఊహించవచ్చు.

పక్కదారే అయినా ఒక మాట. అవగాడ్రో ఈ సంఖ్యను ఎన్నడూ లెక్కకట్టలేదు. ఒకే ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర సమాన ఘనపరిమాణాల వాయువుల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయని 1811లో చెప్పాడంతే. 1856లో ఆయన చనిపోయేనాటికి ఆ మాటను పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1860లో కార్ల్స్‌రూయెలో జరిగిన రసాయన శాస్త్రవేత్తల సభలో ఇటలీ శాస్త్రవేత్త కనిజారో దాన్ని మళ్లీ తెరమీదికి తెచ్చాడు. 1865లో ఆస్ట్రియా శాస్త్రవేత్త లోష్మిట్ అణువుల పరిమాణాన్ని అంచనా వేశాడు. ఈ స్థిరాంకానికి అవగాడ్రో పేరు పెట్టింది 1909లో ఫ్రెంచ్ భౌతిక శాస్త్రవేత్త జాన్ పెరాన్.

‘ఒక మోల్ ఆక్సిజన్’ అన్నప్పుడు దేని మోల్?

డజను అంటే సరిపోదు, డజను ఏమిటో చెప్పాలి. అరటిపళ్లా, అరటి గెలలా? ఆక్సిజన్‌తో వచ్చే తంటా ఇదే. 16 గ్రాముల ఆక్సిజన్‌లో ఒక మోల్ పరమాణువులు, అర మోల్ అణువులు ఉంటాయి. ‘ఆక్సిజన్ వాయువు’ అని ప్రశ్నలో ఉంటే అణువులే లెక్క, మోలార్ ద్రవ్యరాశి 32. క్లోరిన్‌కు 71, తెల్ల భాస్వరంలో అణువుకు నాలుగు పరమాణువులు కాబట్టి 124. ఉప్పులో విడి అణువులే ఉండవు గనుక ఫార్ములా యూనిట్లు అంటాం, 58.5.

ప్రశ్నలు తయారుచేసేవాళ్లకు ఇష్టమైన చోటు ఇది. 48 గ్రాముల ఆక్సిజన్‌లో, 48 గ్రాముల ఓజోన్‌లో పరమాణువులు ఎక్కువ దేనిలో? ఆక్సిజన్ 1.5 మోల్‌లు, ఒక్కో అణువులో రెండేసి పరమాణువులు, మొత్తం 3 మోల్‌లు. ఓజోన్ 1 మోల్, మూడేసి పరమాణువులు, మళ్లీ 3 మోల్‌లే. అణువుల సంఖ్య వేరు, పరమాణువుల సంఖ్య ఒకటే. రెండూ ఒకే మూలకం కాబట్టి బరువు సమానమైతే పరమాణువులు సమానం కాక తప్పదు. అది తోచినవాడికి ఈ బిట్టు చూపుతోనే అయిపోతుంది.

ఎలక్ట్రాన్ల దాకా కూడా వెళతారు. 1.8 గ్రాముల నీరంటే 0.1 మోల్. నీటి అణువులో హైడ్రోజన్ తరఫున రెండు, ఆక్సిజన్ తరఫున ఎనిమిది, మొత్తం 10 ఎలక్ట్రాన్లు. కాబట్టి 1.8 గ్రాముల నీటిలో సరిగ్గా ఒక మోల్ ఎలక్ట్రాన్లు.

స్ఫటిక జలం ఇంకో ఉచ్చు. రైతులు బోర్డో మిశ్రమంలో కలిపే మైలుతుత్తం ఉత్త కాపర్ సల్ఫేట్ కాదు, ఐదు నీటి అణువులను కట్టుకున్న స్ఫటికం. కాపర్ సల్ఫేట్ 159.5కు నీటి 90 కలిపితే 249.5. అంటే వంద గ్రాముల మైలుతుత్తంలో 36 గ్రాములు నీళ్లే. 24.95 గ్రాములు తీసుకుంటే 0.1 మోల్, అందులో నీరు 9 గ్రాములు. ఆక్సిజన్ పరమాణువులు సల్ఫేట్‌లో నాలుగు, నీటిలో ఐదు కాబట్టి 0.9 మోల్. నీటి ఆక్సిజన్‌ను మరిచిపోతే 0.4 దగ్గర ఆగిపోతారు, ఆ తప్పు జవాబు ఆప్షన్లలో తప్పకుండా ఉంటుంది.

22.4 నుంచి 22.7 ఎలా పుట్టింది?

మొదట్లో అడిగిన సున్నపురాయి దగ్గరికి వద్దాం. కాల్షియం కార్బొనేట్ మోలార్ ద్రవ్యరాశి 100. 10 గ్రాములంటే 0.1 మోల్, దాన్నుంచి 0.1 మోల్ కార్బన్ డయాక్సైడ్. ఇక్కడివరకు తగాదా లేదు. దీన్ని లీటర్లలోకి మార్చేటప్పుడే దారి చీలుతుంది.

ఎస్‌టీపీ అంటే ప్రమాణ ఉష్ణోగ్రత, పీడనం. పాత ఒప్పందంలో 0 డిగ్రీల సెల్సియస్, ఒక అట్మాస్ఫియర్, అంటే 101325 పాస్కల్స్. 1982లో ఐయూపాక్ (అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంఘం) ప్రమాణ పీడనాన్ని ఒక బార్‌కు, అంటే సరిగ్గా 100000 పాస్కల్స్‌కు మార్చింది. ఉష్ణోగ్రత మారలేదు. వాయు స్థిరాంకం 8.314ను 273.15తో గుణించి 101325తో భాగిస్తే 0.022413 ఘన మీటర్లు, అంటే 22.4 లీటర్లు. 100000తో భాగిస్తే 22.7 లీటర్లు. పీడనం కాస్త తగ్గింది కాబట్టి వాయువు కాస్త వ్యాకోచించింది. తేడా 1.3 శాతం. 0.1 మోల్‌కు ఒక లెక్కలో 2.24, మరో లెక్కలో 2.27.

మరి 40 ఏళ్లు దాటినా 22.4 ఎందుకు పోలేదు? పాత ప్రశ్నపత్రాలు, గైడ్లు, ప్రశ్నల నిధులు అన్నీ దాని మీదే కట్టినవి. 11.2, 5.6, 2.24 అని చక్కగా సగమయ్యే అంకెలు ప్రశ్న తయారుచేసేవాళ్లకు అనుకూలం. పైగా అట్మాస్ఫియర్ అంటే సముద్ర మట్టం దగ్గరి గాలి పీడనం, మనసుకు దగ్గరగా ఉండే కొలత. 22.7 వైపు వాదన కూడా తేలికైందేమీ కాదు. ఉష్ణగతిక శాస్త్రంలో ప్రమాణ విలువల పట్టికలు ఒక బార్ దగ్గరివి. ఎంథాల్పీ (చర్యలో వేడి లెక్కకు వాడే విలువ) ఒక పీడనం దగ్గర, ఘనపరిమాణం ఇంకో పీడనం దగ్గర తీసుకుంటే ఒకే లెక్కలో రెండు ప్రమాణాలవుతాయి.

ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకం వాయువుల అధ్యాయంలో ఒక బార్, 22.71 లీటర్లు అని వివరంగానే చెప్పింది. తరువాత సిలబస్ కుదింపులో ఆ అధ్యాయాన్నే తీసేశారు. 22.7 అన్న అంకె కోచింగ్ నోట్సులో మిగిలింది, అది ఎందుకొచ్చిందో చెప్పే పేజీలు పోయాయి. ఇవాళ్టి గందరగోళంలో కొంత పాలు దీనిదే.

ప్రశ్నలోనే ‘ఒక బార్’ అనో ‘ఒక అట్మాస్ఫియర్’ అనో రాసి ఉంటే తగాదాయే లేదు. ఏమీ రాయనప్పుడు ఇచ్చిన అంకెలే చాలాసార్లు చెప్పేస్తాయి. 5.6 లీటర్లు, 11.2 లీటర్లు కనిపిస్తే ప్రశ్న 22.4 మీద కట్టింది. 11.35, 2.27 కనిపిస్తే 22.7 మీద. అసలు నష్టం రెండింటినీ కలగలిపినప్పుడు వస్తుంది. పీడనాన్ని బార్‌లో పెట్టి, వాయు స్థిరాంకం మాత్రం అట్మాస్ఫియర్‌కు సరిపోయే 0.0821 వేసేవాళ్లు ఎక్కువ. బార్‌కు తగినది 0.0831.

ఎన్‌టీపీ (సాధారణ ఉష్ణోగ్రత, పీడనం) అన్న మాట ఇంకో తలనొప్పి. మన తరగతి గదుల్లో దాన్ని పాత ఎస్‌టీపీకి మారుపేరుగా వాడతారు. ఇంజినీరింగ్ లెక్కల్లో తరచూ 20 డిగ్రీలు, ఒక అట్మాస్ఫియర్, అప్పుడు మోల్‌కు 24.06 లీటర్లు. 25 డిగ్రీలు, ఒక అట్మాస్ఫియర్ అయితే 24.47.

అసలీ సంఖ్యలన్నీ ఆదర్శ వాయువుకు చెందినవి. నిజమైన కార్బన్ డయాక్సైడ్ 0 డిగ్రీలు, ఒక అట్మాస్ఫియర్ దగ్గర మోల్‌కు సుమారు 22.26 లీటర్లే ఆక్రమిస్తుంది, అణువుల మధ్య ఆకర్షణ వల్ల. 22.4, 22.7 అంటూ కొట్టుకునేవాళ్ల మధ్య నిలబడ్డ ఆ వాయువు ఇద్దరి మాటా వినదు. ఇంకొక పాత ఉచ్చు: ఎస్‌టీపీ దగ్గర 22.4 లీటర్ల నీరు ఎన్ని మోల్‌లు? ఒకటి అని రాస్తే సున్నా మార్కులు. నీరు అక్కడ వాయువు కాదు. 22400 గ్రాములను 18తో భాగిస్తే దాదాపు 1244 మోల్‌లు.

ముందు అయిపోయేది ఏది?

28 గ్రాముల నైట్రోజన్, 10 గ్రాముల హైడ్రోజన్ కలిసి పూర్తిగా అమోనియా అయ్యాయనుకుందాం. హైడ్రోజన్ బరువు తక్కువ కాబట్టి అదే ముందు అయిపోతుందని తోస్తుంది. మోల్‌లలోకి మారిస్తే నైట్రోజన్ 1, హైడ్రోజన్ 5. ఒక నైట్రోజన్‌కు మూడు హైడ్రోజన్లు చాలు. అయిపోయేది నైట్రోజనే, పరిమిత కారకం అదే. రెండు మోల్‌ల అమోనియా, 34 గ్రాములు వస్తుంది, 2 మోల్‌ల హైడ్రోజన్, 4 గ్రాములు మిగులుతుంది. 28, 10 కలిపితే 38, ఇటు 34, 4 కలిపినా 38. ఈ కూడిక సరిపోకపోతే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. నిజమైన ఎరువుల కర్మాగారంలో ఒక విడతలో అంతా అమోనియాగా మారదు, మిగిలిన వాయువులను మళ్లీ లోపలికి పంపుతారు. పరీక్ష లెక్కలో ఆ బాధ లేదు.

ఒకే సీసా, రెండు అంకెలు: మోలారిటీ, మోలాలిటీ

లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌ల ద్రావితం (కరిగిన పదార్థం) ఉందో అది మోలారిటీ. కిలో ద్రావణిలో (కరిగించుకున్న ద్రవంలో) ఎన్ని మోల్‌లు ఉన్నాయో అది మోలాలిటీ. పలుచని జల ద్రావణాల్లో రెండు అంకెలూ దాదాపు ఒకటే కావడంతో తేడా తెలియదు. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసా తీసుకుంటే తేడా కళ్లకు కడుతుంది. సీసా మీద 98 శాతం, సాంద్రత 1.84 అని ఉంటుంది. ఒక లీటరు బరువు 1840 గ్రాములు. అందులో 98 శాతం, 1803.2 గ్రాములు ఆమ్లం. మోలార్ ద్రవ్యరాశి 98తో భాగిస్తే 18.4 మోల్‌లు, కాబట్టి మోలారిటీ 18.4. మిగిలిన నీరు 36.8 గ్రాములే, అంటే 0.0368 కిలో. 18.4ను దానితో భాగిస్తే మోలాలిటీ 500. ఒకే సీసాకు 18.4, 500 రెండూ సరైన జవాబులే.

మోలారిటీలో హారం ఘనపరిమాణం. మే నెల మధ్యాహ్నం ద్రావణం వేడెక్కి వ్యాకోచిస్తే మోలారిటీ కొద్దిగా తగ్గుతుంది. మోలాలిటీలో రెండూ బరువులే కాబట్టి అది కదలదు. మరిగే స్థానం పెరగడం, గడ్డకట్టే స్థానం తగ్గడం లాంటి లెక్కల్లో మోలాలిటీని వాడేది అందుకే.

అదే సీసా నుంచి లీటరు 1 మోలార్ ఆమ్లం కావాలంటే 1000ని 18.4తో భాగించాలి, 54.3 మిల్లీలీటర్లు వస్తుంది. దాన్ని నీటిలోకి కొద్దికొద్దిగా పోస్తారు. ఆమ్లంలోకి నీళ్లు పోస్తే పుట్టే వేడికి పైనున్న నీరు ఒక్కసారిగా మరిగి ఆమ్లాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. చల్లారాకే చివరి నీళ్లు కలిపి లీటరు గీత వరకు నింపాలి. లీటరు నీళ్లు కొలిచి అందులో 54.3 మిల్లీలీటర్లు కలిపితే అది లీటరు ద్రావణం కాదు, లీటరు దాటిపోతుంది, గాఢత తగ్గుతుంది.

నార్మాలిటీ ఉండాలా, పోవాలా?

మోలార్ ద్రవ్యరాశిని ఆ చర్యలో ఒక్కో కణం మార్చుకునే ఎలక్ట్రాన్ల (ఆమ్ల, క్షారాలైతే హైడ్రోజన్ అయాన్ల) సంఖ్యతో భాగిస్తే తుల్యాంక భారం. లీటరు ద్రావణంలో అలాంటి తుల్యాంక భారాలు ఎన్ని ఉన్నాయో అది నార్మాలిటీ. ఐయూపాక్ దాని వాడకాన్ని ప్రోత్సహించడం లేదు. కారణం పొటాషియం పర్మాంగనేట్ సీసా ఒక్కటి చూస్తే తెలుస్తుంది. దాని మోలార్ ద్రవ్యరాశి 158. ఆమ్ల యానకంలో మాంగనీస్ 5 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, తుల్యాంక భారం 31.6. తటస్థ యానకంలో 3 తీసుకుంటుంది, అప్పుడు 52.67. గాఢ క్షారంలో 1 మాత్రమే, 158. సీసా మీద ‘0.1 నార్మల్’ అని మాత్రమే రాసి ఉంటే అది ఏ చర్యకు చెప్పిన మాటో తెలియదు. మోలారిటీకి ఈ సందేహం లేదు.

వాడేవాళ్ల వాదనలోనూ పస ఉంది. సమీకరణం తుల్యం చెయ్యకుండానే నార్మాలిటీ, ఘనపరిమాణాల లబ్ధాలు రెండువైపులా సమానమని రాసేయవచ్చు. నీటి పరీక్షల్లో క్షారతను కొలవడానికి 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ ఆమ్లం వాడతారు. ఆ ఆమ్లం ఒక మిల్లీలీటరు సరిగ్గా ఒక మిల్లీగ్రాము కాల్షియం కార్బొనేట్‌కు సమానం, ఎందుకంటే 0.02ను తుల్యాంక భారం 50తో గుణిస్తే 1. రోజుకు పదుల నమూనాలు చూసే మనిషికి బ్యూరెట్ రీడింగే దాదాపు జవాబైపోతుంది. ఆ సౌకర్యాన్ని వదులుకొమ్మంటే ఎవరు వింటారు?

రెండు వాదనలూ ఎక్కడ ఢీకొంటాయో ఇంటర్ ప్రాక్టికల్స్‌లోని పర్మాంగనేట్ అంశమాపనంలో (టైట్రేషన్‌లో) దగ్గరగా కనిపిస్తుంది. ముందు 250 మిల్లీలీటర్ల 0.05 మోలార్ ఆక్సాలిక్ ఆమ్లం చేస్తారు. స్ఫటికంలో రెండు నీటి అణువులుంటాయి, మోలార్ ద్రవ్యరాశి 126. 0.05ను 0.25తో, ఆపైన 126తో గుణిస్తే 1.575 గ్రాములు. నీటిని మరిచి 90 వేసుకున్నవాళ్లు 1.125 గ్రాములే తూస్తారు, వాళ్ల ద్రావణం 0.0357 మోలార్ అవుతుంది. ఇక అక్కడినుంచి ఏ రీడింగూ కుదరదు. గరాటు కడిగిన నీళ్లు కూడా ప్రమాణ ఫ్లాస్కులోకే పోవాలి.

పిపెట్‌తో 20 మిల్లీలీటర్లు తీసుకుంటే 1 మిల్లీమోల్ ఆక్సాలిక్ ఆమ్లం. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి 60 నుంచి 70 డిగ్రీల దాకా వేడి చేస్తారు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడితే పర్మాంగనేట్ క్లోరైడును కూడా క్లోరిన్‌గా మార్చేస్తుంది, నైట్రిక్ ఆమ్లం తానే ఆక్సీకరణి. మొదటి చుక్కల రంగు పోవడానికి కాసేపు పడుతుంది. కొంచెం మాంగనీస్ అయాన్ తయారయ్యాక అదే ఉత్ప్రేరకమై తరువాతి చుక్కలను వెంటవెంటనే మింగేస్తుంది. బ్యూరెట్‌లో ముదురు రంగుకు ద్రవం పైభాగపు ఒంపు (నెలవంక) అడుగు కనబడదు కాబట్టి పై అంచు దగ్గర రీడింగ్ తీస్తారు. లేత గులాబీ అరనిమిషం నిలిస్తే అదే అంతిమ స్థానం. రెండు పర్మాంగనేట్లకు ఐదు ఆక్సాలిక్ ఆమ్లాలు, కాబట్టి 1 మిల్లీమోల్‌కు 0.4 మిల్లీమోల్. రీడింగ్ 20.0 వస్తే పర్మాంగనేట్ 0.02 మోలార్. ఐదుతో గుణిస్తే 0.1 నార్మల్. అటు ఆక్సాలిక్ ఆమ్లం 0.05ను రెండుతో గుణించినా 0.1 నార్మల్. రెండు వైపులా 20 మిల్లీలీటర్లు రావడానికి కారణం అదే.

సల్ఫ్యూరిక్ ఆమ్లం తక్కువైనా, వేడి చాలకుండా బ్యూరెట్‌ను గబగబా వదిలినా శంకు కుప్పెలో గోధుమరంగు మడ్డి కనిపిస్తుంది. అది మాంగనీస్ డయాక్సైడ్. ఐదు తీసుకోవాల్సిన మాంగనీస్ మూడు ఎలక్ట్రాన్ల దగ్గరే ఆగిపోయిందని దాని అర్థం. బ్యూరెట్‌లోని ద్రావణం ఇప్పటికీ 0.02 మోలారే, కానీ ఈ చర్యకు అది 0.1 నార్మల్ కాదు, 0.06. పర్మాంగనేట్ అంతా అలా మడ్డిగా మిగిలితే 20.0 బదులు 33.3 మిల్లీలీటర్లు పోయాల్సి వస్తుంది. నిజానికి కొంతభాగమే అలా మారుతుంది కాబట్టి రీడింగ్ ఆ రెండింటి మధ్య ఎక్కడో తేలుతుంది, మళ్లీ చేస్తే ఇంకో అంకె వస్తుంది. ఆ కుప్పెను పారబోసి, మరింత సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కొత్తగా 20 మిల్లీలీటర్లు తీసుకోవడం తప్ప దాన్ని సరిదిద్దే లెక్క లేదు.